జాయింట్లు కోసే యంత్రం: మార్టిసర్ కొనాలా, డామినో కొనాలా, ఉన్న రౌటర్ చాలునా?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ దగ్గర టేబుల్ సా, మందం చిత్రిక పట్టే యంత్రం, తిరిగే బిట్టును చెక్కలోకి దించి గాడి తొలిచే ప్లంజ్ రౌటర్ ఒకటి ఉన్నాయి. ఇంతకాలం స్క్రూలతో, గుండ్రటి డోవెల్ మేకులతో పని నడిపారు. ఇప్పుడు ఒక భోజనాల బల్ల, దానికి ఆరు కుర్చీలు, ఆ తర్వాత కొన్ని అలమర తలుపులు చేయాలనుకుంటున్నారు. దీనికోసం చతురస్రపు రంధ్రం తొలిచే హాలో చిజెల్ మార్టిసర్ కొనాలా, డామినో లాంటి చేతియంత్రం కొనాలా, బిస్కెట్ జాయినర్ సరిపోతుందా, లేక రౌటర్‌కే ఒక జిగ్ (చెక్కనూ పనిముట్టునూ సరైన చోట నిలిపే చట్రం) చేసుకోవచ్చా అని అడిగారు.

ముందే చెబుతున్నాను: మీరు ఇప్పుడు ఏ యంత్రమూ కొనకండి. మీ రౌటర్‌కు ఒక జిగ్ చేసుకుని ఆ ఆరు కుర్చీలూ పూర్తి చేయండి. అవి పూర్తయ్యాక మీకే తెలుస్తుంది ఏది కొనాలో. ఈ యంత్రాలన్నింటితోనూ ఏళ్ళ తరబడి పనిచేసిన మీదట చెబుతున్న మాట ఇది. ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే రేపు మీరు యంత్రం కొనే రోజున కూడా ఈ కారణాలే పనికొస్తాయి.

యంత్రాల జాబితా చూసి వాటిలో ఒకటి ఎంచుకోవడం తలకిందుల పద్ధతి. ముందు జాయింటు సంగతి తేల్చుకోవాలి. ఆ జాయింటు ఎంత బరువు మోయాలి, ఏ దిక్కున లాగుడు పడుతుంది, మీరు అలాంటివి నెలకు ఎన్ని కోస్తారు అన్నవి తెలిస్తే యంత్రం దానంతట అదే తేలుతుంది.

కుర్చీనే తీసుకుందాం, ఎందుకంటే ఇంటి సామానులో జాయింటుకు అంతకన్నా కఠినమైన పరీక్ష లేదు. కూర్చున్న మనిషి వెనక్కి వాలి వీపుతో 30 కిలోల బలంతో నెడుతున్నాడనుకోండి. ఆ బలం పక్క పట్టీ (సీటు కింద ముందు, వెనక కాళ్ళను కలిపే అడ్డ చెక్క) వెనక కాలిని కలిసే చోటికి సుమారు 45 సెంటీమీటర్ల పైన పడుతుంది. రెండు పక్కలా రెండు జాయింట్లు కనుక ఒక్కోదాని వంతు 15 కిలోలు. పట్టీ వెడల్పు 6 సెంటీమీటర్లయితే, పై అంచున ఊడదీసే బలానికీ కింది అంచున నొక్కే బలానికీ మధ్య దూరం ఉజ్జాయింపుగా నాలుగున్నర సెంటీమీటర్లు. నలభై అయిదుకు నాలుగున్నర పదో వంతు. అంటే ఆ 15 కిలోలు జాయింటు దగ్గరికి వచ్చేసరికి 150 కిలోల లాగుడుగా మారుతుంది. మనిషి కూర్చున్నప్పుడల్లా, లేచినప్పుడల్లా ఇదే జరుగుతుంది.

ఈ లాగుడును ఆపేది జిగురు. జిగురు ఎక్కడ పట్టుకుంటుందో తెలుసుకోవాలంటే చెక్కను చీపురు పుల్లల కట్టలా ఊహించుకోండి. కట్ట పక్కభాగానికి జిగురు రాస్తే పుల్లల పొడవునా అంటుకుంటుంది. కట్ట కొసకు రాస్తే పుల్లల గొట్టాలు జిగురును లోపలికి పీల్చేస్తాయి, పట్టు నిలవదు. కాలిలో గుండ్రటి రంధ్రం వేస్తే దాని గోడలో దాదాపు సగం ఇలా కొస ముఖమే. 8 మిల్లీమీటర్ల డోవెల్ కాలిలోకి 25 మిల్లీమీటర్లు దిగితే దాని చుట్టూ ఉండే వైశాల్యం సుమారు 630 చదరపు మిల్లీమీటర్లు. రెండు డోవెల్లు పెడితే 1,260. అందులో మంచి పట్టు ఇచ్చేది 630 దగ్గర. అదే చోట 10 మిల్లీమీటర్ల మందం, 45 వెడల్పు, 30 లోతు ఉన్న టెనన్ పెడితే దాని రెండు చెంపలే (వెడల్పాటి పక్క ముఖాలే) 2,700 చదరపు మిల్లీమీటర్లు, అంతా నార పొడవునే. నాలుగు రెట్ల పైగా తేడా.

(మార్టిస్ అంటే ఒక చెక్కలో తొలిచే రంధ్రం, టెనన్ అంటే రెండో చెక్క కొసన నిలిపే నాలుక. ఆ నాలుక పట్టీ చెక్కలోనే భాగంగా ఉండవచ్చు, లేదా రెండు చెక్కల్లోనూ రంధ్రం తొలిచి మధ్యన వేరే ముక్క దూర్చవచ్చు. ఆ రెండో దాన్ని విడి టెనన్ అంటాను.)

డోవెల్లు చెడ్డవని చెప్పడం లేదు. పలకల అలమరలు లక్షల సంఖ్యలో డోవెల్లతోనే నిలబడుతున్నాయి. కానీ కుర్చీ వెనక కాలి దగ్గర వాటిని నేను వాడను. తొలిరోజుల్లో నేను డోవెల్లతో చేసి ఇచ్చిన కుర్చీలు రెండేళ్ళకే వదులై తిరిగివచ్చాయి. విప్పి చూస్తే రంధ్రాలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. వానాకాలంలో చెక్క ఉబ్బి రంధ్రం గోడకు నొక్కుకుని నలుగుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. నలిగిన మేర మళ్ళీ నిండదు. ఆ ఖాళీలోంచే ఊగడం మొదలవుతుంది.

కాబట్టి మీకు కావలసింది విశాలమైన చెంపలున్న టెనన్. దాన్ని కోయడానికి దారులు చూద్దాం.

హాలో చిజెల్ మార్టిసర్‌లో నాలుగు పలకల బోలు ఉలి లోపల డ్రిల్ బిట్టు తిరుగుతుంది. మధ్యలో చెక్కను బిట్టు తీసేస్తుంటే నాలుగు మూలలనూ ఉలి అంచులు చెక్కుతాయి. వచ్చేది నిజమైన చతురస్రపు రంధ్రం. తలుపు చట్రాల్లో ఆరపార రంధ్రాలు వేసేవారికి ఇది ప్రాణం. కానీ దీన్ని కొనేవారిలో చాలామంది మొదటి నెలలోనే నిరాశపడతారు. దోషం ఎక్కువసార్లు అమరికలో ఉంటుంది. ఉలి కొత్తగా వచ్చినప్పుడు పదునుగా ఉండదు. బయటి నాలుగు ముఖాలనూ రాయి మీద చదును చేసి, లోపలి వాలును శంకువు ఆకారపు రాయితో నూరుకోవాలి. బిట్టు కొస ఉలి అంచుకు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. దానికి తేలిక మార్గం ఉంది: ఉలి భుజానికీ యంత్రం తలకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు ముక్క పెట్టి ఉలిని బిగించండి, బిట్టును ఉలికి తగిలేదాకా పైకి నెట్టి చక్ బిగించండి, ఆ తర్వాత రేకు తీసి ఉలిని పైకి తోసి మళ్ళీ బిగించండి. ఇప్పుడు బిట్టు సరిగ్గా ఆ రేకు మందమంత కిందికి వస్తుంది. ఈ ఖాళీ లేకపోతే బిట్టూ ఉలీ రాసుకుని నీలం తిరుగుతాయి, పొగ వస్తుంది, పదును పోతుంది.

తర్వాత ఉలి ముఖం, చెక్క ఆనే నిలువు పలక అయిన ఫెన్స్‌కు సమాంతరంగా ఉందో లేదో మూలమట్టం ఆనించి చూడాలి. కొంచెం తిరిగి ఉన్నా రంధ్రం గోడ రంపపు పళ్ళలా వస్తుంది. రంధ్రాలు కూడా వరుసగా ఒకదాని పక్కన ఒకటి వేయకూడదు. ముందు రెండు కొసలు, తర్వాత ఉలి వెడల్పు కన్నా తక్కువ ఖాళీ వదులుతూ మధ్యవి, చివరగా ఆ మిగిలిన గోడలు. ఉలికి రెండు వైపులా సమానమైన చెక్క ఉంటే అది పక్కకు వంగదు.

ఇంతా చేస్తే మీకు వచ్చేది జాయింటులో సగమే. టెనన్ కోయడానికి టేబుల్ సా మీద వేరే జిగ్ కావాలి, ఆ రెండింటినీ ఒకదానికొకటి సరిపెట్టాలి. వంద తలుపులు చేసేవారికి ఆ శ్రమ గిడుతుంది. ఆరు కుర్చీలకు గిట్టదు. ఇంకో మాట: డ్రిల్ ప్రెస్‌కు తగిలించే మార్టిసింగ్ అమరికను మాత్రం కొనకండి. గట్టి కర్రలో 12 మిల్లీమీటర్ల ఉలిని దింపే బలానికి ఆ యంత్రాల మీట, స్తంభం తయారుచేయలేదు. పైకి లాగేటప్పుడు చెక్క ఉలితోపాటే లేస్తుంది.

డామినో సంగతి వేరు. జర్మనీకి చెందిన ఫెస్టూల్ తయారుచేసే ఈ చేతియంత్రంలో కట్టర్ తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది, అందువల్ల కొసలు గుండ్రంగా ఉన్న పొడవాటి రంధ్రం ఒక్క తోపులో వస్తుంది. రెండు చెక్కల్లోనూ అదే రంధ్రం వేసి, మధ్యలో బీచ్ కర్ర టెనన్ దూరుస్తారు. చిన్నది డీఎఫ్ 500. దానికి 4 నుంచి 10 మిల్లీమీటర్ల కట్టర్లు, లోతు గరిష్ఠంగా 28. పెద్దది డీఎఫ్ 700. దానికి 8 నుంచి 14 మిల్లీమీటర్లు, లోతు 70 వరకు.

దీనితో పనిచేస్తుంటే కలిగే ఆనందం నిజమైనది. బల్లపై పలక రెండు మీటర్ల పొడవు ఉందనుకోండి, దాన్ని మోసుకెళ్ళి ఏ యంత్రం మీద నిలబెడతారు? ఇక్కడ యంత్రమే చెక్క దగ్గరికి వస్తుంది. నలభై అయిదు డిగ్రీల మూలలు, పెద్ద పలకలు, సగం బిగించిన చట్రాలు, ఇలాంటివాటిలో దీనికి సాటి లేదు. అయినా మీకు వెంటనే కొనమని ఎందుకు చెప్పడం లేదంటే, దాని ధర మీ మిగతా యంత్రాలన్నింటి సరసన నిలబడేంత. పైగా చిన్నదానికి 28 మిల్లీమీటర్ల లోతు హద్దు. కుర్చీ వెనక కాలికి దానితో పని జరగాలంటే రెండు టెనన్లు ఒకదాని పైన ఒకటి పెట్టాలి. అలా పెడితే చక్కగా నిలుస్తుంది, నేను చేశాను. కానీ ఒక్కటే పెట్టి వదిలేసిన కుర్చీలు కూడా నా దగ్గరికి మరమ్మతుకు వచ్చాయి. యంత్రం ఖరీదైనదని జాయింటుకు ప్రత్యేకమైన బలం రాదు. బలం చెంపల వైశాల్యాన్ని బట్టి వస్తుంది.

డామినో వాడేవారు చేసే పొరపాటు తొందర. కట్టర్‌ను బలంగా నెడితే యంత్రం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది, జాయింటు బిగించాక రెండు ముఖాలు ఒకే మట్టానికి రావు. ఎడమచేత్తో ఫెన్స్‌ను చెక్కకు అదిమిపట్టి, కుడిచేత్తో మెల్లగా తోయాలి. దుమ్ము పీల్చే గొట్టం తగిలించకుండా వాడనే కూడదు, పొట్టు లోపల ఇరుక్కుంటే లోతు తగ్గుతుంది.

బిస్కెట్ జాయినర్ గురించి ఎక్కువ చెప్పను. స్విట్జర్లాండ్‌లో హెర్మన్ స్టైనర్ 1950లలో కనిపెట్టిన లామెల్లో పద్ధతి ఇది. 4 మిల్లీమీటర్ల గాడిలో బిస్కెట్ అనే, నొక్కిన బీచ్ కర్ర పలుచటి ముక్క పెడితే జిగురులోని నీటికి ఉబ్బి బిగుస్తుంది. పలకలను ఒకే మట్టానికి తేవడానికి మంచి సాధనం. కుర్చీకి మాత్రం వద్దు. ఏటవాలు రంధ్రంలోంచి బిగించే పాకెట్ స్క్రూలు అలమర ముందు చట్రాలకు సరిపోతాయి, అంతకు మించి వాటిని నమ్మలేను. సొరుగుల మూలలకు పావురం తోక ఆకారపు జాయింటు కోసే డవ్‌టెయిల్ జిగ్ వేరే విషయం, అది ఈ పనిలో పోటీకి రాదు.

ఇప్పుడు రౌటర్. మీకు కావలసిన జిగ్ ఒక పూటలో తయారవుతుంది. మందపాటి ప్లైవుడ్‌తో నిలువు ముఖం ఒకటి, దానిపైన అడ్డంగా ఒక పలక. ఆ పలకలో ఒక గాడి. చెక్కను నిలువు ముఖానికి ఆనించి క్లాంపులతో బిగిస్తే, పైన గాడిలో గైడ్ బుష్ (రౌటర్ అడుగున బిట్టు చుట్టూ బిగించే చిన్న గొట్టం) నడుస్తూ బిట్టు కింద మార్టిస్ తొలుస్తుంది. గాడి కొలత లెక్క తేలిక: కావలసిన మార్టిస్ కొలతకు బుష్ బయటి వ్యాసం కలిపి, బిట్టు వ్యాసం తీసేయండి. 10 మిల్లీమీటర్ల బిట్టు, 16 మిల్లీమీటర్ల బుష్, మార్టిస్ 10 వెడల్పు 45 పొడవు కావాలంటే గాడి 16 వెడల్పు, 51 పొడవు ఉండాలి. గాడి వెడల్పు బుష్‌కు సరిగ్గా సరిపోవాలి. అప్పుడు రౌటర్ ఏ దిక్కున నడిపినా పక్కకు గుంజుకుపోయే వీలుండదు. పొట్టును పైకి లాగే స్పైరల్ బిట్టు వాడండి, ఒక్కో విడతకు 4 మిల్లీమీటర్ల లోతుకు మించి దిగకండి. బిట్టు కాడను, దాన్ని పట్టి ఉంచే కాలెట్‌లో పూర్తిగా అడుగుదాకా దించి, రెండు మిల్లీమీటర్లు పైకి ఎత్తి బిగించాలి. ఈ రకం బిట్టు తిరుగుతున్నప్పుడు కాలెట్‌లోంచి కిందికి జారాలని చూస్తుంది. వదులుగా ఉంటే మార్టిస్ లోతు తెలియకుండానే పెరిగిపోతుంది.

అదే జిగ్‌కు పట్టీని నిలువుగా నిలబెట్టే ఒక ఆధారం చేర్చండి. కాలికి వేసిన గాడితోనే పట్టీ కొసన కూడా అదే మార్టిస్ వేయవచ్చు. రెండు రంధ్రాలూ ఒకే గాడిలోంచి వచ్చినవి కనుక కొలత తేడా రాదు. మధ్యలో పెట్టే టెనన్ కోసం గట్టి కర్రను పొడవాటి పట్టీగా 10 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టి, అంచులను 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం చేసి, ముక్కలుగా కోసుకోండి. మందం ఎంత ఉండాలంటే, పొడిగా ఉన్నప్పుడు చేత్తో నెడితే దిగాలి, చెక్కను బోర్లిస్తే దానంతట అది పడిపోకూడదు. సుత్తితో కొట్టవలసి వస్తే జిగురు అంతా చెంపల మీద నుంచి అడుగుకు తుడుచుకుపోతుంది. ముక్క మీద పొడవునా సన్నని గాడి ఒకటి గీస్తే అడుగున ఇరుక్కున్న జిగురు పైకి రావడానికి దారి ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఆగుతాను, ఎందుకంటే పైన చెప్పిన యంత్రాలన్నింటికీ ఇది వర్తిస్తుంది. ప్రతి చెక్కకూ ఒక ముఖాన్ని ఎంచుకుని పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తున్న ముఖమే ఎప్పుడూ జిగ్‌కు ఆనాలి, కాలిలో వేసేటప్పుడైనా, పట్టీలో వేసేటప్పుడైనా. అలా చేస్తే మార్టిస్ సరిగ్గా మధ్యలో పడకపోయినా బాధ లేదు. రెండు చెక్కల్లోనూ ఒకే దూరంలో ఉంటుంది కనుక ఆ ముఖాలు ఒకే మట్టానికి వస్తాయి. పట్టీ కాలి ముఖం కన్నా లోపలికి ఉండాలంటే, కాలికి వేసేటప్పుడు మాత్రం కావలసిన మందం పలక ఒకటి మధ్యలో పెట్టండి. గుర్తు మరచి ఒక్క చెక్కను తిప్పి బిగిస్తే, ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పు చోట చక్కటి రంధ్రం వేస్తుంది.

ఆ ముఖం చదునుగా ఉండడం కూడా అంతే ముఖ్యం. మీ దగ్గర మందం సరిచేసే యంత్రం ఉందన్నారు గానీ, మెలి తిరిగిన చెక్క ఒక ముఖాన్ని చదును చేసే సర్ఫేస్ ప్లేనర్ ఉందని చెప్పలేదు. మందం యంత్రంలో రోలర్లు చెక్కను అదిమి పంపుతాయి, బయటికొచ్చాక మెలి అలాగే ఉంటుంది. మీరు డబ్బు పెట్టదలచుకుంటే నా మనసుకు మొదటి చోటు అదే. జాయింటు యంత్రం మీరిచ్చిన ముఖాన్ని నమ్మి కోస్తుంది, ఆ ముఖం వంకరగా ఉంటే జాయింటూ వంకరే. అది కొనేదాకా చేతి చిత్రికతో ఒక ముఖం చదును చేసుకోవచ్చు, కుర్చీ ముక్కలు చిన్నవే.

రౌటర్ జిగ్‌తో విసుగు వచ్చేది చెక్కను బిగించడం, విప్పడం దగ్గర. ఆరు కుర్చీలకు ఒక్కో దానికి ఎనిమిది జాయింట్లనుకున్నా 48 జాయింట్లు, 96 మార్టిస్‌లు. రెండు మూడు రోజుల పని. దాని తర్వాత మీకు ఇలాంటి ఆర్డర్లు ప్రతి నెలా వస్తుంటే అప్పుడు యంత్రం కొనండి. మీ పనిలో పెద్ద పలకలు, అలమరలు ఎక్కువైతే డామినో. కుర్చీలు, చిన్న ముక్కలు ఎక్కువైతే యంత్రం కదలకుండా, బల్ల మీద చెక్క మాత్రమే కదిలే స్లాట్ మార్టిసర్, లేదా నమూనాను అనుసరిస్తూ రౌటర్‌ను నడిపే పాంటోరౌటర్. ఈ పాంటోరౌటర్‌ను కెనడాకు చెందిన మథియాస్ వాండెల్ మొదట చెక్కతోనే తయారుచేశాడు. అసలు జాయింటు కన్నా రెండింతలు పెద్దదైన నమూనా చుట్టూ సూచిక తిరుగుతుంది కనుక, నమూనాలో ఉన్న తప్పు చెక్కలో సగమే అవుతుంది. దాని గొప్పతనం ఏమిటంటే మార్టిస్, చెక్కలోనే నిలిపే టెనన్ రెండూ అదే నమూనాతో వస్తాయి. బిగువు సరిచేయడానికి బేరింగ్ మార్చితే చాలు. వాలు ఉన్న కుర్చీ పట్టీలకు అంతకన్నా సుఖమైన యంత్రం నేను వాడలేదు. తలుపులే మీ జీవనమైతే మాత్రం బరువైన, నేల మీద నిలబడే హాలో చిజెల్ యంత్రం.

ఏది కొన్నా అమ్మేచోట మీ చెక్కముక్క తీసుకెళ్ళి కోయించి చూడండి. ఒకే అమరికతో పది రంధ్రాలు వేయించి, ముఖం నుంచి గోడ దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. పదింటిలో మిల్లీమీటరులో పదో వంతు కన్నా ఎక్కువ తేడా ఉంటే ఫెన్స్ కదులుతోందన్నమాట. ఫెన్స్ బిగించాక చేత్తో దాని కొసను నెట్టి చూడండి. విడి టెనన్ యంత్రమైతే దాని ముక్కలు మీరే తయారుచేసుకోగల కొలతల్లో ఉన్నాయో లేదో అడగండి.

దుమ్ము గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మార్టిస్ కోయడంలో మొహం చెక్కకు దగ్గరగా ఉంటుంది. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు కేన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మాస్క్, కళ్ళద్దాలు, చెవులకు రక్షణ లేకుండా రౌటర్ ముట్టుకోకండి. మార్టిస్ అడుగు చూడడానికి వంగేముందు రౌటర్ ప్లగ్గు తీయండి.

మీ రౌటర్ కాలెట్ 6 మిల్లీమీటర్లదా, 12 మిల్లీమీటర్లదా అన్నది మీరు రాయలేదు. 12 అయితే పైన చెప్పిన 10 మిల్లీమీటర్ల బిట్టు, 30 మిల్లీమీటర్ల లోతు హాయిగా వస్తాయి. 6 అయితే సన్నని కాడ మీద అంత లోతుకు దిగవద్దు, బిట్టు వణుకుతుంది, విరగవచ్చు కూడా. 8 మిల్లీమీటర్ల బిట్టు, 25 లోతు, విడతకు 2 మిల్లీమీటర్లు మించకుండా చేసి, పట్టీ వెడల్పును 6 నుంచి 7 సెంటీమీటర్లకు పెంచి మార్టిస్ పొడవు 55 చేయండి. చెంపల వైశాల్యం మళ్ళీ 2,750 చదరపు మిల్లీమీటర్లకు వస్తుంది. మొదటి జాయింటును కుర్చీలో కాకుండా పనికిరాని రెండు ముక్కల్లో చేసి, జిగురు ఆరాక ఒక రోజు ఆగి విరగ్గొట్టి చూడండి. జిగురు గీత దగ్గర ఊడకుండా చెక్క చీలితే, కుర్చీ మొదలుపెట్టవచ్చు.